పాత ట్రాన్స్‌ఫార్మర్ నూనె నుంచి పీతల పులుసు దాకా: పీసీబీల మీద పాఠకుల ప్రశ్నలు

పాలీక్లోరినేటెడ్ బైఫినైల్స్, పొట్టిగా పీసీబీలు. వాటి గురించి సందేహాలుంటే రాయమని అడిగాం. వచ్చిన ఉత్తరాల్లో ఒకే సంగతి అడిగినవాటిని కలిపి, ఎనిమిదింటికి ఇక్కడ జవాబులిస్తున్నాం.

మాది రైస్ మిల్లు. మా నాన్నగారు 1974లో కొన్న 250 కేవీఏ ట్రాన్స్‌ఫార్మర్ షెడ్డు వెనకాల పడి ఉంది. స్క్రాప్ కింద బేరం వచ్చింది. పీసీబీ ఉంటే అమ్మకూడదని ఒకాయన భయపెట్టాడు. ఉందో లేదో తెలుసుకునేదెలా?
– మిల్లు యజమాని, మిర్యాలగూడ

ఈ పీసీబీ కాలుష్య నియంత్రణ మండలి కాదు, సర్క్యూట్ బోర్డూ కాదు. బైఫినైల్ అనే పదార్థానికి ఒకటి నుంచి పది దాకా క్లోరిన్ పరమాణువులు తగిలిస్తే వచ్చే 209 రకాల గుంపు. తేలిగ్గా అంటుకోదు, వేడికి చెడదు, కరెంటును పోనివ్వదు. అందుకే 1929లో అమెరికాలో వ్యాపారానికి తయారీ మొదలుపెట్టాక ఓ యాభై ఏళ్ల పాటు ట్రాన్స్‌ఫార్మర్లు, కెపాసిటర్లు, రంగులు, కిటికీ సందుల్లో పెట్టే లప్పం, అన్నిట్లోనూ పోశారు. మన దేశంలో దీన్ని తయారు చేయలేదు. దిగుమతి యంత్రాలతో, దిగుమతి నూనెతో వచ్చింది.

ట్రాన్స్‌ఫార్మర్లలో రెండు బాపతులు. నిండా పీసీబీ ద్రవమే పోసి తయారు చేసినవి ఒక బాపతు. మంట అంటుకోకూడదన్న చోట, అంటే సెల్లార్లలో, ఆసుపత్రుల్లో, పెద్ద ఫ్యాక్టరీల లోపల ఇలాంటివి పెట్టేవారు. మామూలు ఖనిజ నూనెతో వచ్చి, తర్వాత రిపేర్లలో పీసీబీ సోకినవి రెండో బాపతు. మిల్లులో ఆరుబయట ఉన్నదాన్ని ఎక్కువగా అనుమానించాల్సింది ఈ రెండో దారినే.

ముందు నేమ్ ప్లేటు తుడిచి చదవండి. చల్లబరిచే పద్ధతి దగ్గర ‘ఓఎన్’ లేదా ‘ఓఎన్ఏఎన్’ అని ఉంటే ఖనిజ నూనె. ‘ఎల్ఎన్ఏఎన్’ అని ఎల్‌తో మొదలైతే అంటుకోని కృత్రిమ ద్రవం, ఆ కాలంలో అయితే దాదాపు పీసీబీయే అనుకోవాలి. అస్కరెల్, పైరనాల్, ఇనర్‌టీన్, క్లోఫెన్, పైరలీన్, పైరోక్లోర్, రష్యా యంత్రాలైతే సోవ్‌టాల్, ఈ పేర్లలో ఏది కనిపించినా అంతే. ఇంకో కిటుకు ఉంది. ప్లేటు మీద నూనె లీటర్లూ కిలోలూ రెండూ రాసి ఉంటాయి. 300 లీటర్లకు 260 కిలోల చొప్పున ఉంటే ఖనిజ నూనె, 450 కిలోల దరిదాపుల్లో ఉంటే పీసీబీ ద్రవం. నీళ్లలో చుక్క వేస్తే మునుగుతుందన్న పరీక్ష కూడా ఈ బరువు తేడా మీద ఆధారపడిందే. కానీ తేలింది కదా అని ఊపిరి పీల్చుకోవద్దు. కిలోకు 500 మిల్లీగ్రాముల పీసీబీ, అంటే 500 పీపీఎం కలిసిన ఖనిజ నూనె శుభ్రంగా తేలుతుంది.

ప్లేటు ఏం చెప్పినా ఖరారు చేసేది పరీక్షే. కరెంటు కనెక్షన్ లేదని ఖాయం చేసుకున్నాక, నైట్రైల్ గ్లౌజులు తొడుక్కుని, అడుగు వాల్వు కింద ఇనప ట్రే పెట్టి తిప్పండి. వాల్వులో నిలవున్న నూనె మొదట వస్తుంది. దాన్ని వేరే డబ్బాలోకి వదిలేసి, తర్వాత వచ్చేది 100 మిల్లీలీటర్లు ముదురు రంగు గాజు సీసాలో పట్టండి. పీసీబీ బరువైంది గనుక అడుగు నుంచే పట్టాలి. మూత లోపల అల్యూమినియం రేకు ఉండాలి. ప్లాస్టిక్ వాటర్ బాటిల్ మాత్రం పనికిరాదు. ట్రాన్స్‌ఫార్మర్ సీరియల్ నంబరు, కేవీఏ, తయారైన సంవత్సరం, నూనె లీటర్లు, తేదీ సీసా మీద రాయాలి.

సెంట్రల్ పవర్ రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్ లాంటి చోట గ్యాస్ క్రొమటోగ్రాఫ్ (కలిసిన పదార్థాలను విడదీసి కొలిచే యంత్రం) మీద చూసి అంకె ఇస్తారు. అంతకన్నా ముందు చౌకలో తేల్చుకోవాలంటే చిన్న కిట్లున్నాయి. 5 మిల్లీలీటర్ల నూనెలో సోడియం గుళిక పగలగొట్టి ఊపితే, పీసీబీలోని క్లోరిన్ ఊడి ఉప్పుగా మారుతుంది. చివర్న ఊదా రంగు వస్తే 50 పీపీఎం కన్నా తక్కువ, రంగు లేకుండానో పసుపుగానో ఉండిపోతే ఎక్కువ కావచ్చు. ఈ కిట్ చూసేది పీసీబీని కాదు, క్లోరిన్‌ను. సీసాకు చేతి చెమట తగిలినా, ఎప్పుడో క్లోరిన్ ఉన్న సాల్వెంట్‌తో ట్యాంకు కడిగినా లేని పీసీబీని ఉన్నట్టు చూపిస్తుంది. అందుకని ‘తక్కువ’ అంటే నమ్మొచ్చు, ‘ఎక్కువ’ అంటే ల్యాబ్‌కు పంపాలి. వాడిన గొట్టాల్లో పాదరసం ఉంటుంది, చెత్తలో వేయకండి. రాగి తీగను ఎర్రగా కాల్చి నూనెలో ముంచి ఆకుపచ్చ మంట చూసే పాత పద్ధతి కొందరు మెకానిక్‌లకు తెలుసు. దాని జోలికి పోవద్దు. ఆ పొగలో ఏముంటుందో కింద మూడో జవాబులో చూడండి.

పీసీబీ 2 పీపీఎం కన్నా తక్కువని ల్యాబ్‌లో తేలితే వాడిన నూనెగా అనుమతి ఉన్న రీసైక్లర్‌కు ఇవ్వొచ్చు. 50 దాటితే స్క్రాప్ బేరం ముగిసినట్టే. ట్రాన్స్‌ఫార్మర్‌ను కప్పున్న చోట, సిమెంటు గచ్చు మీద, కింద ట్రే పెట్టి ఉంచి, కాలుష్య నియంత్రణ మండలి ప్రాంతీయ కార్యాలయానికి రాతపూర్వకంగా తెలియజేయాలి. నూనె తీసేసి వట్టి డొక్కు అమ్ముదామనుకుంటారేమో, లోపలి కాగితం, చెక్క పీల్చుకున్నది పీల్చుకున్నట్టే ఉంటుంది.

ట్రాన్స్‌ఫార్మర్ రిపేరు షాపు నడుపుతున్నాను. ఫిల్టర్ మిషన్ ఒకటే, అన్నిటికీ అదే వాడతాం. ఫిల్టర్ చేస్తే పీసీబీ పోదా? నూనె మార్చేస్తే సరిపోదా?
– వైండింగ్ మెకానిక్, నరసరావుపేట

మొదటిదానికి జవాబు: పోదు. ఫిల్టర్ మిషన్ తేమను, గాలిని, మడ్డిని తీస్తుంది. వ్యాక్యూమ్‌లో వేడి చేస్తే నీరు ఆవిరైపోతుంది గానీ, పీసీబీ మరగాలంటే మామూలు ఒత్తిడి దగ్గర 300 డిగ్రీల సెల్సియస్ దాటాలి. ముల్తానీ మట్టి రకం బంకమట్టి నూనె రంగును, ఆమ్లాన్ని లాగుతుంది, పీసీబీని వదిలేస్తుంది. కాబట్టి నూనె తేటగా, లేత పసుపుగా మెరిసిపోతూ, బ్రేక్‌డౌన్ వోల్టేజీ పరీక్షలో (నూనె ఎంత వోల్టేజీకి తట్టుకుంటుందో చూసేది) దర్జాగా నెగ్గుతూ, నిండా పీసీబీతో ఉండగలదు.

అసలు సమస్య మీ మిషనే. లెక్క చూడండి. 2,000 పీపీఎం ఉన్న నూనెను ఫిల్టర్ చేశాక మిషన్‌లో, పైపుల్లో 40 లీటర్లు మిగిలిపోయిందనుకుందాం. తర్వాత ఏ మచ్చా లేని 200 లీటర్ల ట్రాన్స్‌ఫార్మర్‌ను దానికే తగిలించారు. మొత్తం 240 లీటర్లలో కలిసి 333 పీపీఎం అవుతుంది. ఆ మంచి ట్రాన్స్‌ఫార్మర్ ఆ ఒక్క పూటతో ప్రమాదకర వ్యర్థం అయిపోయింది. దాని తర్వాత వచ్చినదానికి కొంత, ఆ తర్వాతదానికి మరికొంత. ప్రపంచంలో ఖనిజ నూనె ట్రాన్స్‌ఫార్మర్లు ఇన్ని చెడింది చాలావరకు ఇలాగే. అన్ని ట్రాన్స్‌ఫార్మర్ల పాత నూనె ఒకే డ్రమ్ములో పోసి, టాపప్‌కు అందులోంచే తోడే అలవాటు మరీ చేటు.

నూనె మార్చడం పనిచేస్తుంది, కానీ ఒక్కసారికే పనైపోయిందనుకోకూడదు. ఎంత వంచినా పదో వంతు వరకు వైండింగ్ కాగితంలో, చెక్కలో, రేడియేటర్ మడతల్లో ఉండిపోతుందని లెక్క వేసుకోవాలి. 600 పీపీఎం ఉంటే కొత్త నూనె పోశాక 60 దగ్గర తేలుతుంది. అంటే ఇంకా 50 పైనే. పోసిన మర్నాడు పరీక్ష చేస్తే తక్కువ చూపిస్తుంది, ఎందుకంటే కాగితం తాగిన నూనె ఇంకా బయటికి రాలేదు. లోడు మీద వేడెక్కుతూ కొన్ని వారాల పాటు కొద్దికొద్దిగా వదులుతుంది. అమెరికా నిబంధనల్లో 90 రోజులు నడిపాక మళ్లీ పరీక్ష చేయమన్నది ఇందుకే. రెండోసారి మారిస్తే అంకె బాగా పడిపోతుంది. తీసిన నూనె, కడిగిన నూనె, రెండూ పీసీబీ వ్యర్థాలే.

మీ షాపు వరకు చేయగలిగింది ఒకటుంది. లోపలికి వచ్చే ప్రతి పాత ట్రాన్స్‌ఫార్మర్‌కూ పైపు తగిలించకముందే కిట్ పరీక్ష చేయండి. తెలియని నూనెకు వేరే పంపు, వేరే గొట్టాలు, వేరే డ్రమ్ము పెట్టి వాటికి ఎర్ర రంగు వేయండి. రబ్బరు గొట్టం పీసీబీని పీల్చుకుంటుంది, కడిగితే పోదు. చెడ్డ నూనెకు వాడిన గొట్టాన్ని మళ్లీ మంచిదానికి తేవద్దు.

మేము వంటకు తవుడు నూనె వాడతాం. జపాన్‌లో తవుడు నూనె తిని వేలమంది జబ్బు పడ్డారని మా అబ్బాయి ఫోన్‌లో చూపించాడు. మానేయమంటారా?
– గృహిణి, తణుకు

మానక్కర్లేదమ్మా. ఆ తప్పు తవుడుది కాదు, నూనెను వేడి చేసిన గొట్టానిది.

1968లో పశ్చిమ జపాన్‌లో జరిగిందది. కనేమి అనే కంపెనీ తవుడు నూనె వాసన పోగొట్టడానికి 200 డిగ్రీల పైన వేడి చేసేది. ఆ వేడి ఇవ్వడానికి నూనె ట్యాంకులో చుట్టలు చుట్టిన గొట్టాల్లో కనెక్లోర్ అనే పీసీబీ ద్రవాన్ని తిప్పేవారు. గొట్టానికి చిల్లులు పడి ద్రవం నూనెలోకి దిగింది. మనుషుల కన్నా ముందు కోళ్లు చెప్పాయి. అదే కంపెనీ నుంచి వచ్చిన ఉప ఉత్పత్తిని దాణాలో కలిపితే, ఆ ఏడాది మొదట్లోనే లక్షల సంఖ్యలో కోళ్లు చనిపోయాయి. దాణా దగ్గరే విచారణ ఆగిపోయింది, వంట నూనె దాకా ఎవరూ పోలేదు. నెలలు గడిచాక మనుషుల్లో మొటిమలు వచ్చాయి. ముఖం, చెవుల వెనక, వీపు, తొడల మధ్య నల్లటి మొనలతో, ఏ పూతకూ లొంగనివి. కనురెప్పల నుంచి జున్నులాంటి స్రావం, నల్లబడ్డ గోళ్లు, చిగుళ్లు, చేతులకు కాళ్లకు తిమ్మిరి. తల్లి కడుపులో ఉండగా సోకిన బిడ్డలు ముదురు గోధుమ రంగు చర్మంతో పుట్టారు. ఆ జబ్బుకు యుషో అని పేరు. ప్రభుత్వం గుర్తించిన బాధితులు 2,000 పైచిలుకు. 1979లో తైవాన్‌లో అచ్చంగా ఇలాగే మళ్లీ జరిగింది, అక్కడా సుమారు 2,000 మంది. ఆ తల్లులకు తర్వాత పుట్టిన పిల్లలను ఏళ్ల తరబడి గమనిస్తే, తోటిపిల్లలకన్నా తెలివితేటల పరీక్షల్లో ఐదు పాయింట్ల మేర వెనకబడి ఉన్నారు.

ఇంత తీవ్రంగా ఉండడానికి మరో కారణముంది. అదే ద్రవాన్ని మళ్లీ మళ్లీ కాచడం వల్ల కొంత పీసీబీ డైబెంజోఫ్యురాన్లుగా మారింది. ఇవి క్లోరిన్ ఉన్నవి కాలినప్పుడు పుట్టే మహా విషమైన డయాక్సిన్‌కు దగ్గరి చుట్టాలు, పీసీబీ కన్నా చాలా రెట్లు విషం. యుషో లక్షణాల్లో పెద్ద వాటా వీటిదేనని తర్వాత తేలింది. పీసీబీని కాల్చకూడదు, కాచకూడదు అని పదే పదే చెప్పేది అందుకే.

ఇప్పటి రిఫైనరీల్లో వేడికి వాడేది అధిక పీడనపు ఆవిరి, లేదంటే పీసీబీ లేని థర్మిక్ ద్రవాలు. జపాన్ 1972లోనే పీసీబీ తయారీ ఆపేసింది. మీరు సీల్ ఉన్న ప్యాకెట్, ఎఫ్ఎస్ఎస్ఏఐ లైసెన్సు నంబరు, బ్యాచ్ నంబరు చూసి కొనండి. లూజు నూనె మానండి. అందులో పీసీబీ ఉంటుందని కాదు, ఏముందో అడగడానికి ఎవరూ ఉండరని.

మా ఊళ్లో పెద్దవాళ్లు మోకాళ్ల నొప్పులకు ట్రాన్స్‌ఫార్మర్ ఆయిల్ మర్దనా చేసుకుంటారు. లైన్‌మన్‌ను బతిమాలి తెచ్చుకుంటారు. చెబితే వినరు. ఏమని చెప్పాలి?
– స్కూలు టీచర్, వనపర్తి జిల్లా

అది మందు కాదు, పెట్రోలు తీసే ముడిచమురులోంచే వచ్చిన ఖనిజ నూనె అని చెప్పండి. హాయిగా అనిపించేది మర్దనా వల్ల. ఆ పని నువ్వుల నూనె కూడా చేస్తుంది. పాత ట్రాన్స్‌ఫార్మర్‌ది అయితే పీసీబీ ఉండే అవకాశం ఉంది, అది చర్మం గుండా లోపలికి పోతుంది. నూనెలో కరిగి ఉన్నప్పుడు రుద్దడమంటే చేజేతులా ఎక్కించుకోవడమే. రాసుకున్నవాళ్లు పొడి గుడ్డతో ఒత్తి తుడిచి, సబ్బు, నీళ్లతో రెండు మూడు సార్లు కడుక్కోవాలి. కిరోసిన్, థిన్నర్‌తో కడగడం తప్పు. అవి చర్మం మీది సహజమైన జిడ్డును తీసేసి, పీసీబీకి దారి తెరుస్తాయి. గొడ్ల పుండ్లకు, తలుపు బందులకు, పొయ్యి రాజేయడానికి కూడా వద్దు. బడి పిల్లలకు ఇంకో మాట కూడా చెప్పండి: దొంగలు నూనె వంచేసి పోయిన ట్రాన్స్‌ఫార్మర్ కింద తడిసిన మట్టిలో ఆడుకోకూడదు.

మా అమ్మాయి న్యూజెర్సీలో, ఎడిసన్‌లో ఉంటుంది. అల్లుడు సెలవుల్లో హడ్సన్ నదికి వెళ్లి గాలం వేసి చేపలు, పీతలు తెస్తాడు. అమ్మాయికి ఇప్పుడు ఐదో నెల. ఆ నదిలో పీసీబీ ఉందంటున్నారు. బాగా ఉడికిస్తే పోతుందా?
– ఒక తల్లి, కాకినాడ

ఉడికిస్తే పోదు. వంట వేడికి పీసీబీ విరగదు, కొవ్వులోంచి పులుసులోకి వస్తుంది, అంతే.

హడ్సన్ సంగతి: 1947 నుంచి 1977 దాకా న్యూయార్క్ రాష్ట్రంలోని హడ్సన్ ఫాల్స్, ఫోర్ట్ ఎడ్వర్డ్ ఊళ్లలోని జనరల్ ఎలక్ట్రిక్ కెపాసిటర్ ఫ్యాక్టరీల నుంచి 590 టన్నుల దాకా పీసీబీ నదిలో కలిసింది. 320 కిలోమీటర్ల నదిని 1984లో, బాగా విషపడి శుభ్రం చేయాల్సిన చోట్లకు అమెరికా పెట్టిన సూపర్‌ఫండ్ జాబితాలో చేర్చారు. 2009 నుంచి 2015 వరకు ఎగువ భాగంలో అడుగు మట్టిని తవ్వి తీశారు. తీసినా చేపల్లో ఇంకా ఉంది. పీసీబీ నీళ్లలో కరగదు, బురదను పట్టుకుని కూర్చుంటుంది. బురదలోని పురుగును చిన్న చేప, చిన్న చేపను పెద్ద చేప తింటుంటే మెట్టు మెట్టుకూ గాఢత పెరుగుతుంది. అదే నది నీళ్లు తాగడానికి పనికొచ్చేంత శుభ్రంగా కనపడినా, అందులోని పెద్ద చేప తినడానికి పనికిరాకుండా పోయేది ఇలాగే.

హడ్సన్ ఫాల్స్ నుంచి ట్రాయ్ దగ్గరి ఆనకట్ట వరకు ఎవరు పట్టినా చేపను వెంటనే వదిలేయాలి, ఇంటికి తేవడానికి లేదు. అక్కడి నుంచి కిందికి ఏ చేప, నెలకు ఎన్నిసార్లు అన్నది న్యూయార్క్ ఆరోగ్య శాఖ పట్టికలో ఉంటుంది. అందులో గర్భిణులకు, పిల్లలకు వేరే వరుస ఉంటుంది, అల్లుడు తన వరుస చూసుకుని అమ్మాయికి పెట్టకూడదు. ఎడిసన్‌కు ఇంకా దగ్గర్లో ఉన్న న్యూఆర్క్ బే, పసాయిక్ నది దిగువ ప్రాంతంలో పీతలు పట్టడమే నేరం. అక్కడ డయాక్సిన్ కూడా ఉంది. అమ్మాయి విషయంలో మా మాట ఒక్కటే: కాన్పయ్యి, పాలు మాన్పించే వరకు ఆ నదులవి ఏవీ వద్దు. ఇప్పటిదాకా తిన్నదానికి కంగారు పడక్కర్లేదు. ఇది ఏళ్ల తరబడి పేరుకునే సరుకు, నాలుగు పూటల లెక్క కాదు. చేపలే మానేయాల్సిన పనీ లేదు. షాపులో దొరికే సార్డిన్లు, తిలాపియా, రొయ్యలు వారానికి 225 నుంచి 340 గ్రాముల మధ్య తినమనే అమెరికా ప్రభుత్వ సలహా.

మిగతా ఇంటివాళ్లు తినేటట్టయితే, మన వంట పద్ధతే ఇక్కడ అడ్డం తిరుగుతుందని గమనించండి. పీత డిప్ప తెరిస్తే లోపల ఆకుపచ్చగా, ఆవపిండి రంగులో మెత్తటి ముద్ద ఉంటుంది. అది పీత కాలేయం. పీసీబీ ఎక్కువగా అక్కడే చేరుతుంది. మనం దాన్ని రుచి అని తీయకుండా పులుసులో కలిపేస్తాం. వండకముందే ఆ ముద్దను పూర్తిగా గీకి పారేసి, కాళ్ల కండ, గుల్ల కండ మాత్రమే తీసుకోవాలి. ఉడికించిన నీళ్లు పారబోయాలి. చేపకైతే చర్మం ఒలిచి, పొట్ట పక్క కొవ్వు, వీపు వెంట తెల్ల కొవ్వు, రెండు పక్కలా నడిమధ్య కనపడే నల్ల కండ చీరి తీసేయాలి. తలకాయ, జన (చేప గుడ్లు) వద్దు. తర్వాత జల్లెడలాంటి పళ్లెం మీద కాల్చితే కొవ్వు కిందికి కారిపోతుంది. ఇలా చేస్తే పీసీబీ సగం వరకు తగ్గొచ్చు. పులుసు పెడితే కారినదంతా అన్నంలోకే. పాదరసానికి మాత్రం ఈ కిటుకులేవీ పనిచేయవు, అది కొవ్వులో కాదు, కండలోనే ఉంటుంది.

పాత ట్యూబ్‌లైట్ చోక్‌లు, మోటారు కెపాసిటర్లు బస్తాల్లో వస్తాయి. పగలగొట్టి రాగి, అల్యూమినియం తీస్తాం. కేబుళ్లు కాలుస్తాం. ఇందులో ఉందా?
– పాత సామాన్ల వ్యాపారి, విజయవాడ

1980లకు ముందు తయారైన ఇనప డబ్బా కెపాసిటర్లు, ముఖ్యంగా విదేశీ సరుకు, పీసీబీవే అనుకుని ముట్టుకోండి. ట్రాన్స్‌ఫార్మర్‌లోలా పదులు వందల పీపీఎం కాదు, లోపలున్నది అసలు ద్రవమే. ఉబ్బినవి, కారినవి వేరే తీసి, మూత బిగించే ఇనప డ్రమ్ములో రంపపు పొట్టు పోసి అందులో నిలబెట్టండి. సుత్తి దెబ్బ, డ్రిల్లు, గ్యాస్ కటింగ్ మూడూ వద్దు. ‘పీసీబీ లేదు’ అని అచ్చువేసి ఉన్నవి కొత్తవి. కారినదాన్ని నీళ్లతో కడిగితే కాల్వలోకి పోతుంది. పొడి మట్టో పొట్టో చల్లి, ఎత్తి, అదే డ్రమ్ములో వేయాలి.

కేబుళ్లు కాల్చడం అన్నిటికన్నా చెడ్డది. తీగ తొడుగులోని పీవీసీలో క్లోరిన్ ఉంది, రాగి ఉంది, మంట సగం సగం వేడి మీద ఉంది. డయాక్సిన్లు, ఫ్యురాన్లు పుట్టడానికి ఇంతకన్నా ఏం కావాలి? తొడుగు ఒలిచే చిన్న మిషన్ పెట్టుకోండి. కాల్చి నల్లబడ్డ రాగి కన్నా ఒలిచిన రాగికి ధర కూడా ఎక్కువ. పీసీబీని నిజంగా కాల్చి రూపుమాపాలంటే 1,200 డిగ్రీల వేడిలో రెండు సెకన్లు నిలబెట్టే ప్రత్యేక బట్టీ కావాలి. ఇటుక బట్టీకి, పెనానికి అది చేతకాదు.

మా ఆయన పదేళ్లు ట్రాన్స్‌ఫార్మర్ల రిపేరులో పనిచేశారు. నాకు నాలుగు నెలల పాప. ఇద్దరం రక్త పరీక్ష చేయించుకోవాలా? పాలు ఆపేయాలా? ఒంట్లోంచి విషం తీసే మందులు అమ్ముతున్నారు, పనిచేస్తాయా?
– హైదరాబాద్ పాఠకురాలు

పాలు ఆపొద్దు. పీసీబీ కొవ్వులో చేరుతుంది గనుక తల్లిపాలలోకి వస్తుంది, ఇది ప్రపంచమంతటా ఉన్నదే. అది తెలిసే ప్రపంచ ఆరోగ్య సంస్థ తల్లిపాలే పట్టమంటోంది. పాల వల్ల వచ్చే మేలు అంతకన్నా పెద్దది.

రక్త పరీక్ష ఉంది గానీ చేసే ల్యాబులు తక్కువ, ఖరీదు ఎక్కువ. వచ్చిన అంకెను బట్టి మార్చగలిగే వైద్యమూ లేదు. ఒంట్లో ఎంత చేరిందో చెబుతుంది, జబ్బు వస్తుందో రాదో చెప్పదు. మీ వారికి ముఖం మీద, చెవుల వెనక మొండి మొటిమలు ఉంటే చర్మ వైద్యుడికి చూపించి, పని సంగతి తప్పకుండా చెప్పండి. అది చెప్పకపోతే మామూలు మొటిమలనుకుని మందు రాస్తారు. కాలేయం, థైరాయిడ్ పరీక్షలు మామూలు ల్యాబుల్లోనే అవుతాయి, అవి చాలు. కొత్తగా పుట్టి, మారుతున్న పుట్టుమచ్చలుంటే వదిలేయొద్దు. 2013లో అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ పీసీబీలను మనుషుల్లో క్యాన్సర్ కలిగించేవాటి మొదటి వర్గంలో చేర్చింది మెలనోమా అనే చర్మ క్యాన్సర్ ఆధారంగానే. రొమ్ము క్యాన్సర్, ఒక రకం లింఫోమా (లింఫు గ్రంథుల క్యాన్సర్) విషయంలో ఆధారాలు పరిమితంగానే ఉన్నాయని చెప్పింది.

విషం తీసే పొడులు, కషాయాలు, పాదాలకు అంటించే మందు పట్టీలు డబ్బు దండగ. ఎక్కువ క్లోరిన్ ఉన్న రకాలు కొన్ని సగానికి తగ్గడానికే పదేళ్లు పడుతుంది. ఉపవాసాలతో గబగబా బరువు తగ్గితే కొవ్వులో దాగినది రక్తంలోకి వస్తుంది. పాలిచ్చే రోజుల్లో అలాంటివి మీరు పెట్టుకోవద్దు. ఇప్పటికీ ఆ పనే చేస్తుంటే మీ వారు పని బట్టలు షాపులోనే విప్పి, స్నానం చేసి ఇంటికి రావాలి. ఆ బట్టలు పాప బట్టలతో కలిపి ఉతకొద్దు.

ఎప్పుడో నిషేధించారు కదా, ఇంకా ఎందుకు మాట్లాడుకోవాలి? మన దేశంలో చట్టం ఏం చెబుతోంది?
– ఇంజనీరింగ్ విద్యార్థి, అనంతపురం

అమెరికా 1979లో తయారీ నిషేధించింది, అప్పటికే ప్రపంచంలో పది లక్షల టన్నులకు పైగా తయారై ఉంది. 1966లో స్వీడన్ రసాయన శాస్త్రవేత్త సోరెన్ యెన్సెన్ డీడీటీ అనే పురుగుమందు జాడ కోసం వెతుకుతూ చేపల్లో, గద్దల్లో, తన సొంత కుటుంబం వాళ్ల తలవెంట్రుకల్లో కూడా దీన్ని కనిపెట్టాడు. చెక్కుచెదరకపోవడమే దాని అమ్మకపు గుణం, అదే ఇప్పుడు బెడద.

స్టాక్‌హోమ్ ఒప్పందం (ఇలా చెదరకుండా పేరుకునే విష రసాయనాల మీద దేశాల మధ్య ఒప్పందం) 2001లో కుదిరింది, భారత్ 2006 జనవరిలో ఆమోదించింది. దాని ప్రకారం యంత్రాల్లో వాడకం 2025తో ముగియాలి, వ్యర్థాల సంగతి 2028కల్లా తేలాలి. కేంద్ర పర్యావరణ శాఖ 2016 ఏప్రిల్‌లో ఇచ్చిన ఉత్తర్వు తయారీని, దిగుమతిని నిషేధించి, అన్ని రకాల వాడకానికీ 2025 డిసెంబరు 31 గడువు పెట్టింది. నేల మీదా, కాల్వల్లోనూ వదలడం ఎప్పుడైనా నేరమే. ఈ గడువుల వల్ల వచ్చే చిక్కు ఒకటుంది: పరీక్ష చేస్తే బాధ్యత నెత్తిన పడుతుందని చాలామంది పరీక్షే చేయరు. పరీక్ష చేయని ట్రాన్స్‌ఫార్మర్ రాత్రికి రాత్రి స్క్రాప్ లారీ ఎక్కుతుంది.

కొత్తగా పుట్టే పీసీబీ కూడా కొంచెం ఉంది, ఎవరూ కావాలని చేయకపోయినా. కొన్ని పసుపు రంగుల తయారీలో పీసీబీ-11 అనే రకం పక్కసరుకుగా వస్తుంది. అమెరికాలో ఇలా అనుకోకుండా పుట్టే పీసీబీలకు ఏడాది సగటు 25, గరిష్ఠం 50 పీపీఎం దాకా అనుమతి ఉంది. మీ చేతిలో ఉన్న ఈ పత్రిక అట్ట మీది పసుపులోనూ అది రవ్వంత ఉండొచ్చు. పేజీ తిప్పడానికి వేలు నాలుకకు అద్దుకోకుండా ఉంటే సరి.